శరణార్థి, కాందిశీకుడు: ఆఫ్రికా నిర్వచనం – బర్మా తెలుగువారు

ఆంగ్లంలోని 'రెఫ్యూజీ'కి తెలుగులో రెండు పదాలు వాడుకలో ఉన్నాయి. 'శరణార్థి' చేరిన చోట కోరే రక్షణను సూచిస్తుంది. 'ఏ దిక్కుకు పోవాలి' అనే అర్థం గల సంస్కృత పదబంధం నుంచి పుట్టిన 'కాందిశీకుడు' విడిచివచ్చిన చోటి విపత్తును సూచిస్తుంది. అంతర్జాతీయ చట్టంలోని రెండు నిర్వచనాలను పోల్చి చూడడానికి ఈ అర్థభేదం ఉపకరిస్తుంది.

1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయాభిప్రాయం అనే ఐదు కారణాలలో ఒకదానివల్ల పీడనకు గురవుతానన్న సహేతుక భయంతో స్వదేశం వెలుపల ఉన్న వ్యక్తి శరణార్థి. ఆఫ్రికా ఐక్యతా సంస్థ 1969 సెప్టెంబరు 10న ఆడిస్ అబాబాలో ఆమోదించిన ఒప్పందం ఈ నిర్వచనాన్ని నిలుపుకొంటూనే మరొక భాగాన్ని చేర్చింది. బాహ్య దురాక్రమణ, ఆక్రమణ, పరాయి ఆధిపత్యం, దేశంలో ఏ భాగంలోనైనా శాంతిభద్రతలను తీవ్రంగా భంగపరచే సంఘటనలు – వీటివల్ల నివాసం విడిచి పరదేశంలో ఆశ్రయం పొందవలసివచ్చినవారూ శరణార్థులే. ఇక్కడ ప్రతి వ్యక్తీ తనపై పీడనను విడిగా నిరూపించనక్కరలేదు, పరిస్థితే ప్రధానాధారం.

ఈ భేదాన్ని ఉత్తరాంధ్ర చరిత్రకు అన్వయించవచ్చు. నేటి టెక్కలి, పలాస, ఉద్దానం ప్రాంతాలు 1936 వరకు గంజాం జిల్లాలోనివి. గంజాం, విశాఖపట్టణం జిల్లాల నుంచి రంగూను రేవుకు, బియ్యపు మిల్లులకు కూలికి వెళ్లిన తెలుగువారిని బర్మాలో 'కోరంగీలు' అనేవారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై బాంబులు కురిపించిన తరువాత లక్షల మంది భారతీయులు బర్మా విడిచారు. అరకాన్, మణిపురం దారుల్లో కాలినడకన వచ్చినవారిలో వేలమంది మార్గమధ్యంలోనే మరణించారు. బాంబు ఎవరి జాతినీ మతాన్నీ అడగదు కనుక 1951 నిర్వచనంలోని ఐదు కారణాలు వారికి సులభంగా వర్తించవు. 1969 నిర్వచనంలోని బాహ్య దురాక్రమణ నేరుగా వర్తిస్తుంది.

అయితే ఈ పోలిక ఒకచోట ఆగిపోతుంది. రెండు నిర్వచనాలూ శరణార్థి స్వదేశం వెలుపల ఉండాలంటాయి. వీరు చేరింది పూర్వుల దేశానికే. 1964 నాటి జాతీయీకరణ తరువాత బర్మా నుంచి వచ్చినవారిని కూడా ప్రభుత్వం స్వదేశానికి తిరిగివచ్చినవారిగానే పరిగణించింది. బర్మాలోనే పుట్టి పెరిగినవారికి ఆ 'స్వదేశం' కొత్త ఊరే. తెలుగు వాడుక మాత్రం వారిని 'బర్మా కాందిశీకులు' అన్నది.

సరిహద్దు దాటనివారి కోసం ఆఫ్రికా దేశాలు 2009లో కంపాలా ఒప్పందాన్ని రూపొందించాయి. ప్రకృతి వైపరీత్యాలవల్ల నిర్వాసితులైనవారికీ అది వర్తిస్తుంది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటి, ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను కూల్చిన తిత్లీ తుపాను వంటి విపత్తుల సందర్భంలో ఆ ఆలోచన పరిశీలించదగినది. కనుక చట్టబద్ధ హోదాను చెప్పేటప్పుడు 'శరణార్థి' అనడం, ఆ హోదా అందని నిర్వాసితులను కూడా కలుపుకొని చెప్పేటప్పుడు 'కాందిశీకుడు' అనడం సముచితం. రెండింటినీ పర్యాయపదాలుగా వాడితే, చట్టం ఎవరిని వెలుపల ఉంచిందో మన రచనల్లో కనిపించకుండా పోతుంది.