ఎంఎంఏ ఫిట్‌నెస్: సిక్స్ ప్యాక్ ఉన్నా రెండో రౌండ్‌కే ఎందుకు అలిసిపోతారు? ఫైటర్ల 'గ్యాస్ ట్యాంక్' అసలు లెక్క ఇదే!

సిక్స్ ప్యాక్ బాడీ.. బెల్ మోగగానే మెరుపు పంచ్‌లు.. ఇక ఫైట్ అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ ఆరేడు నిమిషాలు గడిచేసరికి సీన్ రివర్స్. నోరు తెరిచి ఊపిరి పీలుస్తూ, చేతులు కూడా ఎత్తలేక నిలబడిపోతాడు ఫైటర్. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (ఎంఎంఏ) వీడియోలు చూసేవాళ్లకి ఇది బాగా తెలిసిన సీనే. దీన్నే 'గ్యాస్ అయిపోయింది' అంటారు. మరి అంత కండ ఉన్నా దమ్ము ఎందుకు చాలదు? రీల్స్ చూసి ఇంట్లోనే 'ఫైటర్ వర్కవుట్' మొదలుపెట్టేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయం ఇది.

మెక్‌గ్రెగర్‌కి కూడా తప్పలేదు

2015 డిసెంబర్‌లో జోస్ ఆల్డోని కేవలం 13 సెకన్లలో నాకౌట్ చేసి సంచలనం సృష్టించాడు ఐర్లాండ్ ఫైటర్ కానర్ మెక్‌గ్రెగర్. మూడు నెలలు తిరక్కుండానే, 2016 మార్చిలో లాస్ వెగాస్‌లో నేట్ డియాజ్‌తో తలపడ్డాడు. డియాజ్‌కి ఆ ఫైట్ ఖరారైంది రెండు వారాలు కూడా లేని టైంలో. అయినా ఏం జరిగింది? మొదటి రౌండ్‌లో డియాజ్ ముఖం రక్తమోడింది. మెక్‌గ్రెగర్ మాత్రం ప్రతి పంచ్‌నీ ఫుల్ పవర్‌తో వేస్తూనే పోయాడు. రెండో రౌండ్‌లో అతని స్పీడ్ తగ్గింది. డియాజ్ పంచ్‌లు తగలడం మొదలైంది. చివరికి మెడకి చోక్ బిగించేసరికి మెక్‌గ్రెగర్ ట్యాప్ చేసి ఓటమి ఒప్పుకున్నాడు. మొత్తం 9 నిమిషాల 12 సెకన్లు.

తన ఎనర్జీని సరిగ్గా వాడుకోలేకపోయానని ఫైట్ తర్వాత అతనే ఒప్పుకున్నాడు. మరోవైపు డియాజ్ ట్రయాథ్లాన్లు చేసే మనిషి. అంటే ఈత, సైక్లింగ్, పరుగు.. గంటల తరబడి ఆగకుండా. తేడా అక్కడే తేలిపోయింది.

ఒంట్లో మూడు ఇంజిన్లు

ఎంఎంఏలో ఒక్కో రౌండ్ 5 నిమిషాలు. మామూలు ఫైట్‌కి 3 రౌండ్లు, టైటిల్ ఫైట్‌కి 5 రౌండ్లు. మధ్యలో రెస్ట్ ఒక్క నిమిషమే. ఈ టైంలో శరీరం మూడు రకాలుగా శక్తిని తయారు చేసుకుంటుంది.

మొదటి ఇంజిన్: ఫుల్ పవర్ పంచ్, ఒక్కసారిగా ఎత్తి పడేయడం లాంటి వాటికి. పది సెకన్ల లోపే దీని జోరు పడిపోతుంది.

రెండో ఇంజిన్: అర నిమిషం నుంచి రెండు నిమిషాల దాకా సాగే గట్టి పోరాటానికి. దీన్ని ఎక్కువ వాడితే కండరాలు మండుతాయి, బిగుసుకుపోతాయి.

మూడో ఇంజిన్: ఆక్సిజన్‌తో నడిచేది. స్లోగానే ఉంటుంది కానీ గంటల తరబడి ఆగదు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. మొదటి రెండు ఇంజిన్లు ఖాళీ అయితే, వాటిని మళ్లీ నింపేది మూడోదే. అది బలంగా ఉన్న ఫైటర్ పంచ్‌ల వర్షం కురిపించి, పది సెకన్లు వెనక్కి తగ్గి, మళ్లీ రెడీ అయిపోతాడు. రౌండ్ బ్రేక్‌లో గుండె వేగం త్వరగా కిందికి దిగుతుంది. అది బలహీనంగా ఉన్నవాడికి ఆ నిమిషం రెస్ట్ దేనికీ చాలదు.

పట్టు పట్టినప్పుడు పరిస్థితి ఇంకా కష్టం. ప్రత్యర్థిని గట్టిగా బిగించి పట్టుకున్నంతసేపూ ఆ కండరాల్లోకి రక్తం సరిగ్గా వెళ్లదు. దానికి తోడు టెన్షన్‌లో చాలామంది ఊపిరి బిగబడతారు. అందుకే జిమ్‌లో 100 కిలోలు ఎత్తేవాడు కూడా కొత్తలో రెండు నిమిషాల గ్రాప్లింగ్‌కే చేతులెత్తేస్తాడు.

మరి ఫైటర్లు ఏం చేస్తారు?

మన పాత తాలింఖానాల్లో పహిల్వాన్లు దండాలు, బస్కీలు వందల కొద్దీ తీసేది ఊరికే కాదు. బలంతో పాటు దమ్ము కూడా ఉండాలనే. ఇప్పటి ఫైటర్ల వారం షెడ్యూల్‌లో సాధారణంగా కనిపించేవి ఇవీ..

* స్లో రన్నింగ్ లేదా సైక్లింగ్: వారానికి 2-3 సార్లు, 30 నుంచి 60 నిమిషాలు. పక్కవాళ్లతో మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత స్పీడ్ చాలు. మాట తడబడుతుంటే స్పీడ్ ఎక్కువైనట్టే. చూడ్డానికి బోర్. కానీ మూడో ఇంజిన్ తయారయ్యేది ఇక్కడే.

* ఇంటర్వెల్స్: వారానికి 1-2 సార్లు. ఫైట్ లాగే 5 నిమిషాల రౌండ్, నిమిషం రెస్ట్. బ్యాగ్, బైక్, స్ప్రింట్.. ఏదైనా సరే.

* వెయిట్స్: వారానికి 2 రోజులు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, పుల్-అప్స్ లాంటివి. టార్గెట్ బలం, అద్దంలో కనిపించే సైజ్ కాదు. పెద్ద కండకి ఆక్సిజన్ కూడా ఎక్కువే కావాలి మరి.

* నిద్ర, రెస్ట్: శరీరం బలపడేది వర్కవుట్ చేసేటప్పుడు కాదు, తర్వాత కోలుకునేటప్పుడు. ఫైట్ దగ్గర పడేకొద్దీ ట్రైనింగ్ తగ్గించేది కూడా అందుకే.

ఇవన్నీ టెక్నిక్ క్లాసులు, స్పారింగ్‌కి అదనం. 2024 జూన్‌లో యూఎఫ్‌సీలో ఫైట్ గెలిచిన తొలి భారతీయ ఫైటర్‌గా పూజా తోమర్ రికార్డు సృష్టించింది. ఆ ఫైట్‌లో నాకౌట్ లేదు. 3 రౌండ్లు, 15 నిమిషాలూ పోరాడి జడ్జిల స్ప్లిట్ డెసిషన్‌తో గెలిచింది.

ఈ తప్పులు అస్సలు చేయొద్దు

మాస్క్ పెట్టుకుని పరిగెత్తడం: కొండల మీద ట్రైనింగ్ చేసినట్టే అని కొందరు నమ్ముతారు. అది నిజం కాదు. మాస్క్ వల్ల ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది తప్ప, ఎత్తైన ప్రదేశాల్లో ఉన్నట్టు గాలి పల్చబడదు.

చెమట కక్కించి బరువు తగ్గడం: ప్లాస్టిక్ సూట్ వేసుకుని, నీళ్లు మానేసి కిలోలు తగ్గించే వీడియోలు చాలానే ఉన్నాయి. తగ్గేది కొవ్వు కాదు, ఒంట్లో నీరు. దాంతో రక్తం పరిమాణం తగ్గి గుండె మీద భారం పెరుగుతుంది. 2015 డిసెంబర్‌లో మనీలాలో ఫైట్‌కి ముందు ఇలా బరువు తగ్గించుకునే ప్రయత్నంలో చైనా ఫైటర్ యాంగ్ జియాన్ బింగ్ చనిపోయాడు. వయసు 21 ఏళ్లే! ఆ తర్వాతే వన్ ఛాంపియన్‌షిప్ సంస్థ రూల్స్ మార్చి, ఫైటర్ల ఒంట్లో నీటి శాతం సరిపడా ఉందో లేదో టెస్ట్ చేయడం మొదలుపెట్టింది. ప్రొఫెషనల్ టీమ్ చుట్టూ ఉన్నవాళ్లకే ఇంత రిస్క్ అయితే.. మన ఎండల్లో, ఇంట్లో ఒంటరిగా చేస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

మొదటి రోజే వెయ్యి బస్కీలు: అలవాటు లేకుండా ఛాలెంజ్‌ల పేరుతో అతిగా చేస్తే కండరాలు దెబ్బతిని, వాటిలోని పదార్థాలు రక్తంలో కలిసి కిడ్నీలకే ముప్పు తెస్తాయి. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. విపరీతమైన ఒళ్లు నొప్పులు, వాపు, డికాషన్ రంగులో మూత్రం కనిపిస్తే 'రేపటికి తగ్గుతుందిలే' అనుకోవద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. వర్కవుట్‌లో ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, ఎండలో చెమట ఆగిపోయి మనిషి తికమకగా మాట్లాడటం.. ఇవి కూడా ఎమర్జెన్సీలే.

కొత్తగా మొదలుపెడుతున్నారా?

మొదటి నెల వారానికి మూడు రోజులు వేగంగా నడవడం, మెల్లగా పరిగెత్తడం చాలు. వాటికి రెండు రోజులు మామూలు దండాలు, బస్కీలు కలపండి. ఇంటర్వెల్స్ జోలికి ఆ తర్వాతే వెళ్లండి. ప్రతి వారం కొంచెం కొంచెంగా పెంచండి. ఎండాకాలంలో పొద్దెక్కక ముందే ముగించండి. బీపీ, షుగర్, గుండె సమస్యలు ఉన్నా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులోనే గుండె జబ్బుతో చనిపోయినా ముందు డాక్టర్‌ని కలవడం తప్పనిసరి. పట్లు, పంచ్‌లు మాత్రం కోచ్ దగ్గరే నేర్చుకోవాలి.

ఇంతకీ మెక్‌గ్రెగర్ ఏమయ్యాడు?

ఓడిపోయిన ఐదు నెలలకే, 2016 ఆగస్టులో, మళ్లీ అదే డియాజ్‌తో తలపడ్డాడు. ఈసారి ట్రైనింగ్‌లో దమ్ము పెంచుకోవడం మీదే ఎక్కువ టైం పెట్టాడు. మూడో రౌండ్‌లో మళ్లీ అలిసినట్టు కనిపించాడు. అందరూ పాత కథే అనుకున్నారు. కానీ నాలుగో రౌండ్‌లో కోలుకున్నాడు. 5 రౌండ్లు, 25 నిమిషాలు నిలబడి జడ్జిల నిర్ణయంతో గెలిచాడు. అతని ఎడమ చేతి పంచ్ మొదటి ఫైట్‌లోనూ అంతే పవర్‌ఫుల్. మారింది దాన్ని 25 నిమిషాల పాటు వేయగలిగే ఓపిక. ఆ ఓపిక వచ్చింది నెలల తరబడి చేసిన ట్రైనింగ్‌తోనే. అది 30 సెకన్ల రీల్‌లో కనిపించదు.