కొరమేనుకు వెంట్రుకల ఎర

హైటెక్ సిటీ అద్దాల మేడలలో పనిచేయు మీలో కొందరికి సెలవునాడు గాలము వేయు సరదా కలదు. అమెరికా పడమటి తీరపు నదులలో, సముద్రమునకు పోయి తిరిగివచ్చు స్టీల్‌హెడ్ చేపకు వెంట్రుకలు కట్టిన గాలము వేయుదురు. అది చల్లని నీటి చేప. మన చెరువులలో బ్రతుకదు. కాని ఆ ఉపాయము తెలంగాణ రాష్ట్ర చేపయైన కొరమేనుకు పనికివచ్చును.

కట్టు విధము: గాలపు కాడకు గట్టి దారమును దగ్గర దగ్గరగా చుట్టండి. అగ్గిపుల్ల లావు మేకవెంట్రుకల కుచ్చును, కొనలు గాలపు వంపు దాటునట్లు, తలవద్ద బిగించండి. మొదళ్లు కత్తిరించి, దారముతో కప్పి, ముడివేసి వార్నిష్ పూయండి. తడిసిన వెంట్రుకలు నీటిలో ప్రాణమున్నట్లు కదలును.

వేయు విధము: కొరమేను గాలి పీల్చుటకు నీటిపైకి వచ్చును. ఉదయము నాచు అంచున ఎర వేసి, ఆగి ఆగి లాగండి. చేపల హక్కు గల మత్స్య సహకార సంఘము అనుమతి ముందుగా పొందవలెను.

ముఖ్య హెచ్చరిక: వానకాలములో ఎర్రని పిల్లల గుంపు నీటిపై కనబడినచోట గాలము వేయరాదు. వాటిని కాయుచున్న పెద్దచేప దగ్గరకు వచ్చిన దేనినైనను కరచును, సులభముగా చిక్కును. దానిని తీసినచో కావలి లేని పిల్లలను ఇతర చేపలు తినివేయును. అట్టిచోటు విడిచి, గాలమును వేరొక అంచుకు మార్చండి.