కోట గుమ్మం - దిడ్డి వాకిలి

గద్వాల కోటను చూడబోయేవారికి మొదట కంటబడేది దాని గుమ్మం. సోమనాద్రిగా పేరొందిన పెద సోమభూపాలుడు కట్టించిన ఆ కోట గోడల నడుమనే నేడు చెన్నకేశవాలయమూ, డిగ్రీ కళాశాలా ఉన్నాయి. కోట కట్టించే రాజు తన శక్తినంతా గుమ్మం మీదనే చూపేవాడు. ఏనుగులు కుమ్మినా చలించని తలుపులు, వాటికి ఇనుప మేకులు, ఇరువైపులా బురుజులు, బురుజుల మీద రేయింబవళ్ళు కావలి. అయినా కోటకు గుమ్మం ఒక్కటే దారి కాదు. నీళ్ళు తెచ్చేవారికి, పనివారికి, రహస్యంగా వచ్చిపోయేవారికి వెనుకవైపున దిడ్డి వాకిలి ఉంటుంది. ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా లొంగని గోల్కొండ, 1687లో లోపలి సేనాని ఒకడు ధనానికి ఆశపడి రాత్రివేళ చిన్న వాకిలి తెరిపించడంతో తెల్లవారేసరికి శత్రువు వశమైంది. ఆనాడు పెద్ద గుమ్మపు తలుపులు చెక్కుచెదరలేదు.

నేటి కాలపు కోటగుమ్మాలలో ముఖ్యమైనది విమానాశ్రయంలోని తనిఖీ ద్వారం. మన జిల్లాలకు దగ్గరలో ఉన్న పెద్ద విమానాశ్రయం శంషాబాదులోనిది. బేగంపేట నుండి ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో అక్కడికి తరలిపోయాయి. గద్వాల వారు ఎర్రవల్లి చౌరస్తా మీదుగా, వనపర్తి వారు కొత్తకోట మీదుగా బెంగుళూరు జాతీయ రహదారి పట్టి పట్నం పోతుంటే దారిలోనే శంషాబాదు తగులుతుంది. నాగర్‌కర్నూలు వారికి కల్వకుర్తి మీదుగా శ్రీశైలం రహదారి ఉన్నది. ఒకప్పుడు పాలమూరు వలస అంటే బొంబాయి బస్సు. ఇప్పుడు గల్ఫు దేశాలకు కూలికి, అమెరికాకు చదువుకు పోయే యువకులు కూడా ఆ దారినే వెళుతున్నారు. మొదటిసారి విమానమెక్కే పల్లెవాసికి ఆకాశంలో ఎగరడం కంటె తనిఖీ వరుసలో నిలబడడమే భయం గొలుపుతుంది. నడుమునకున్న బెల్టు విప్పమంటారు, జేబులోని చిల్లర ట్రేలో పెట్టమంటారు, చేతులు చాపి నిలబడమంటారు. ఏ తప్పూ చేయనివాడు సైతం నేరస్థుని వలె ముఖం చిన్నబుచ్చుకుంటాడు. ఇంతమందిని ఇంతగా నిలబెట్టి చేసే ఈ సోదా నిజమైన ప్రమాదాన్ని పట్టుకుంటున్నదా? ఈ ప్రశ్న తిరస్కారంతో వేయవలసినదీ కాదు, మర్యాద కోసం దాటవేయవలసినదీ కాదు. దీని వెనుక వందలాది ప్రాణాలు ఉన్నాయి.

ముందుగా ఈ సోదా ఎట్లా జరుగుతుందో తెలుసుకుందాం. మనిషి నడిచివచ్చే ద్వారబంధం లోహాన్ని పసిగడుతుంది. సామాను ఎక్స్-రే యంత్రంలో నుండి పోతుంది. ఆ యంత్రం తెరమీద ఆహారం, కాగితం, బట్ట, ప్లాస్టిక్ వంటివి నారింజ రంగులోనూ, ఇనుము వంటి లోహాలు నీలి రంగులోనూ, ఈ రెండింటికీ నడుమనున్నవి ఆకుపచ్చగానూ కనిపిస్తాయి. మందుగుండులో ఎక్కువ రకాలు నారింజ రంగులోనే అగుపిస్తాయి. అమ్మ కట్టి ఇచ్చిన సకినాల మూట కూడా ఆ రంగులోనే అగుపిస్తుంది. కనుక చివరకు నిర్ణయించవలసినది యంత్రం కాదు, దాని ముందు కూర్చున్న మనిషి కన్ను.

ఆ కంటికి ఒక బలహీనత ఉన్నది. అరుదుగా వచ్చేదానిని అది సరిగా చూడలేదు. అమెరికాకు చెందిన జెరెమీ వుల్ఫ్ అనే మనస్తత్త్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2005లో 'నేచర్' పత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. చూపిన బొమ్మలలో సగానికి సగం వాటిలో వెదకవలసిన వస్తువు ఉన్నప్పుడు, చూసేవారు నూటికి 7 సార్లు మాత్రమే దానిని గుర్తించలేకపోయారు. అదే వస్తువు నూరు బొమ్మలలో ఒక్కదానిలో మాత్రమే ఉన్నప్పుడు నూటికి 30 సార్లు పొరబడ్డారు. విమానాశ్రయంలో ప్రమాదకరమైన సంచి నూటికి ఒకటి కూడా రాదు. వేయి సంచులు చూసి ఏమీ కనిపించని కన్ను వేయిన్నొకటవ దానిలోనూ ఏమీ ఉండదని ముందే తీర్మానించుకుంటుంది. ఇది సోమరితనం కాదు, మానవ స్వభావం. దీనికి విరుగుడుగా, లేని తుపాకి బొమ్మను నడుమ నడుమ తెరమీద చూపి, సిబ్బంది గుర్తించారా లేదా అని పరీక్షించే ఏర్పాటును యంత్రాలలో అమర్చారు. ఒకే మనిషిని తెర ముందు ఎక్కువసేపు కూర్చోనీయక, కొద్దిసేపటికొకసారి మార్చడం కూడా ఇందుకే.

కన్ను తప్పకున్నా లెక్క తప్పదు. నూరుగురు దుర్మార్గులలో 99 మందిని పట్టగలిగి, నూరుగురు నిర్దోషులలో ఒక్కరిని మాత్రమే పొరపాటున అనుమానించే యంత్రం ఉన్నదని ఊహించండి. ఇంత మంచి యంత్రం ఎక్కడా లేదు. దాని ముందు నుండి కోటిమంది నడిచారు, వారిలో ఒక్కడే దుర్మార్గుడు. అప్పుడు యంత్రం ఆ ఒక్కనితో పాటు దాదాపు లక్షమంది నిర్దోషులను కూడా ఆపుతుంది. శంషాబాదు విమానాశ్రయంలో 2023-24 సంవత్సరంలో వచ్చేవారు, పోయేవారు కలిసి సుమారు రెండున్నర కోట్లమంది ప్రయాణించారు. కనుక కోటిమంది అనడం గణితం కోసం కల్పించిన మాట కాదు. లక్ష అనుమానాలలో ఒక నిజాన్ని వెదకడం గడ్డివాములో సూది వెదకడమే. గడ్డి పెరిగేకొద్దీ సూది పెద్దదేమీ కాదు.

ఇక చరిత్ర ఏమి చెబుతున్నదో చూద్దాం. 1971 జనవరి 30న శ్రీనగర్ నుండి జమ్మూ పోతున్న 'గంగ' అనే విమానాన్ని ఇద్దరు యువకులు లాహోరుకు మళ్ళించారు. వారి చేతిలోనిది బొమ్మ తుపాకి, కొయ్యతో చేసిన గ్రెనేడు. ఆ సంఘటనలో ఆయుధం లేదు. ఉన్నది భయం మాత్రమే. 1976లో మరొక విమానం హైజాక్ అయిన పిమ్మట నియమించిన సంఘం సూచన మేరకు 1978లో పౌర విమానయాన భద్రతా విభాగం ఏర్పడింది. 1993 ఏప్రిల్‌లో ఢిల్లీ నుండి శ్రీనగర్ పోయే విమానంలోకి ఒకడు కాలికి ప్లాస్టర్ పట్టీ కట్టుకుని కుంటుతూ ఎక్కాడు. తుపాకులు ఆ పట్టీలో ఉన్నాయి. కుంటివానిపై జాలిపడిన కావలివారి మంచితనమే అక్కడ దిడ్డి వాకిలి అయింది. 1999 డిసెంబరు 24న కాఠ్మండు నుండి ఢిల్లీకి బయలుదేరిన విమానాన్ని కాందహారుకు తీసుకుపోయిన వైనం మీలో చాలామంది వినే ఉంటారు. ముగ్గురు ఉగ్రవాదులను విడిచిపెట్టి బందీలను తెచ్చుకోవలసి వచ్చింది. రూపిన్ కత్యాల్ అనే నవవరుడు ప్రాణాలు కోల్పోయాడు. ఆ తరువాతనే, 2000 సంవత్సరం నుండి, మన విమానాశ్రయాల కావలిని రాష్ట్ర పోలీసుల చేతినుండి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి క్రమంగా అప్పగించారు.

వీటన్నిటికంటె ఘోరమైనది 'కనిష్క' విమాన విధ్వంసం. 1985 జూన్ 23న ఎయిరిండియాకు చెందిన ఆ విమానం అట్లాంటిక్ సముద్రం మీద ఆకాశంలోనే పేలిపోయింది. 329 మంది మరణించారు. బాంబున్న సంచి కెనడాలోని వాంకూవరులో విమానమెక్కింది. దానిని అప్పగించిన మనిషి మాత్రం ఎక్కలేదు. టొరంటోలో సామాను చూడవలసిన ఎక్స్-రే యంత్రం ఆనాడు మధ్యలో చెడిపోయింది. మిగిలిన సంచులను చేతి పరికరంతో చూసి పంపివేశారు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. యజమాని ఎక్కని సంచి విమానంలో ఉండకూడదు అనే ఒక్క నియమం ఆనాడు గట్టిగా అమలై ఉంటే, యంత్రంతో పని లేకుండానే ఆ ప్రమాదం తప్పేది. సంచులనూ మనుషులనూ పుస్తకంలో సరిచూసుకునే లెక్క అది. కిరాణా దుకాణపు గుమాస్తా రోజూ చేసే పని వంటిది. దానికి ఆడంబరం లేదు, కాబట్టే దాని గొప్పతనం ఎవరికీ కనిపించదు. 1987లో మన భద్రతా విభాగాన్ని స్వతంత్ర శాఖగా చేయడానికి ఈ దుర్ఘటనే కారణం.

పట్టుబడినవారు ఎక్కడ పట్టుబడ్డారో కూడా చూడాలి. 2001 డిసెంబరులో పారిస్ నుండి అమెరికా పోయే విమానంలో ఒకడు బూటులోని బాంబుకు అగ్గిపుల్ల ముట్టించబోతే, పట్టుకున్నది పరిచారికలు, తోటి ప్రయాణికులు. 2009 క్రిస్‌మస్ రోజున లోదుస్తులలో మందుగుండు దాచినవానిని అణచినదీ ప్రయాణికులే. ఆ యువకుని తండ్రి నెలరోజుల ముందే అమెరికా రాయబార కార్యాలయానికి పోయి తన కుమారుని గురించి హెచ్చరించాడు. ఆ హెచ్చరిక కాగితాలలో ఉండిపోయింది. 2006లో ద్రవరూప బాంబులతో అనేక విమానాలను పేల్చదలచిన ముఠాను బ్రిటన్ పోలీసులు నెలల తరబడి నిఘా వేసి విమానాశ్రయానికి రాకముందే పట్టుకున్నారు. ఆనాటి నుండి విదేశీ ప్రయాణంలో చేతి సంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవాల సీసా పనికిరాదన్నారు. కొడుకు కోసం తల్లి కాచి ఇచ్చిన నేతి సీసా తనిఖీ దగ్గర చెత్తబుట్ట పాలు కావడానికి కారణమైన ఆ ముఠాను ఏ తనిఖీ యంత్రమూ పట్టలేదు.

అమెరికా ప్రభుత్వమే తన కావలిని తాను పరీక్షించుకున్నది. మారువేషంలోని తనిఖీ అధికారులు ఆయుధాల నమూనాలతో, ఉత్తుత్తి బాంబులతో 70 సార్లు లోపలికి పోజూడగా 67 సార్లు నిరాటంకంగా పోగలిగారని 2015లో వెల్లడైంది. ఆ శాఖ తాత్కాలిక అధిపతిని వెంటనే మార్చవలసి వచ్చింది.

ఇక మన విశాఖపట్నం. 2018 అక్టోబరు 25న నాటి ప్రతిపక్ష నాయకులు వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి గారిపై విమానాశ్రయపు లాంజ్‌లోనే దాడి జరిగింది. దాడికి వాడినది కోడిపందేలలో కోడి కాలికి కట్టే చిన్న కత్తి. పట్టుబడిన యువకుడు ప్రయాణికుడు కాడు, విమానాశ్రయంలోని ఉపాహారశాలలో పనిచేసేవాడు. 2019 జనవరిలో దర్యాప్తు జాతీయ దర్యాప్తు సంస్థ చేతికి వెళ్ళింది. ఆ ఘటన చుట్టూ రాజకీయ వాదోపవాదాలు ఎన్నో నడిచాయి, వాటితో మనకు ప్రసక్తి లేదు. మన ప్రశ్నకు సంబంధించినది ఒకటే. ప్రయాణికుని గోళ్ళ కత్తెరను సైతం వెదికే చోట కోడికత్తి ఉన్నది. 1986 సెప్టెంబరు 5న కరాచీలో నీరజా భానోత్ ప్రాణాలర్పించిన విమానంలోకి ముష్కరులు ప్రయాణికుల వరుసలో నిలబడి రాలేదు. భద్రతా సిబ్బంది దుస్తులు ధరించి, వాహనంలో నేరుగా విమానం దగ్గరికే వచ్చారు. వంటవారు, ఊడ్చేవారు, సరుకు మోసేవారు, దుకాణదారులు నడిచే దారి విమానాశ్రయపు దిడ్డి వాకిలి. ఆ దారిలో నడిచేవారు దాదాపు అందరూ కష్టజీవులే. అయినా వారికీ, వారి వెంట వచ్చే సరుకుకూ ప్రయాణికునితో సమానమైన సోదా ఉండవలసిందే.

అట్లయితే ముందు గుమ్మపు తనిఖీ వ్యర్థమా? కాదు. పట్టుకున్నదానిని బట్టి మాత్రమే కావలి విలువ కట్టరాదు. రాకుండా చేసినదానిని కూడా చూడాలి. 1968 నుండి 1972 వరకు అమెరికాలో నూటికి పైగా విమానాలను హైజాక్ చేశారు. 1973 జనవరిలో ప్రతి ప్రయాణికునికీ సోదా తప్పనిసరి చేయగానే ఆ సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. బూటు బాంబూ, లోదుస్తుల బాంబూ సరిగా పేలకపోవడంలోనూ తనిఖీకి పాలున్నది. లోహం కనిపించకుండా ఉండాలని దుర్మార్గులు నమ్మకమైన పరికరాలు వదలి, నాసిరకం ఏర్పాట్లు చేసుకోవలసి వచ్చింది. మన దేశంలోనూ 1999 తరువాత ఆయుధాలతో విమానాన్ని ఎత్తుకుపోయిన ఘటన లేదు. ఇందులో విమాన చోదకుని గదికి అమర్చిన బలమైన తలుపునకు కూడా భాగమున్నదని మరువరాదు.

కాని గుమ్మం బిగించినప్పుడు శత్రువు ఇంటికి పోడు, గోడ వెంట నడుస్తాడు. 2007 ఆగస్టు 25న హైదరాబాదులోని లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌ల దగ్గర నలభై మందికి పైగా మరణించారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. మన జిల్లాల నుండి చదువుకోవడానికి పోయిన పిల్లలు ఎక్కువగా తిరిగే చోటు అది. 2016 మార్చిలో బ్రస్సెల్స్ విమానాశ్రయంలో బాంబులు పేలినది తనిఖీకి ముందున్న హాలులోనే. తనిఖీ కోసం నిలబడిన వరుసయే గురి కావచ్చునన్నమాట. పొడవైన వరుస భద్రతకు గుర్తు కాదు.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో ముద్రాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. జనపదంలోనికి వచ్చిపోయేవారికి ఒక మాషం పుచ్చుకుని ముద్ర ఇవ్వడం ఆయన పని. ముద్ర లేనివానికి పన్నెండు పణాల జరిమానా. ఈ అధికారికి కౌటిల్యుడు ఒక అధ్యాయంలో కొంత భాగం మాత్రమే కేటాయించి, గూఢపురుషులకు మాత్రం వరుసగా అనేక అధ్యాయాలు ఇచ్చాడు. దేనికెంత చోటివ్వాలో ఆయన ఎరుగును.

మన విమానాశ్రయాలలోనూ ఒక ముద్ర ఉండేది. తనిఖీ అయిన చేతి సంచికి కట్టిన అట్టముక్క మీద సిబ్బంది రబ్బరు ముద్ర వేసేవారు. ఆ ముద్ర పడలేదని ఎక్కబోయేవారిని వెనుకకు పంపిన సందర్భాలు కోకొల్లలు. దశాబ్దాల పాటు అది తప్పనిసరి భద్రతాంగమని భావించారు. 2017 ఏప్రిల్‌లో హైదరాబాదు సహా ఏడు విమానాశ్రయాలలో దానిని ఎత్తివేశారు. ఆ పని చేస్తూ వచ్చిన చేతులు వేరే పనికి మిగిలాయి.