జగర్గుండా దారికి ఎంత స్క్రీన్?

దోర్నపాల్ నుంచి బండి మీద జగర్గుండా వెళ్లి పాఠాలు చెప్పాలి. 15.6 అంగుళాల లాప్‌టాప్ కొనాలా, 10 అంగుళాల ట్యాబ్ సరిపోతుందా?

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో ఆ దారి సుమారు 56 కిలోమీటర్లు. 2006లో నేలమట్టమైన జగర్గుండా బడి 2019లోగానీ మళ్లీ తెరుచుకోలేదు. అలాంటి చోట పాఠం చెప్పేవారి చేతిలో వస్తువు మధ్యలో మొరాయించకూడదు.

ముందు అంగుళాల సంగతి. అవి మూల నుంచి మూలకు కొలిచినవి. అందుకే 14కీ 15.6కీ తేడా ఒకటిన్నర అంగుళమే అనిపించినా, చోటు మాత్రం దాదాపు పావు వంతు పెరుగుతుంది. 10.1 అంగుళాల ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుంటే వెడల్పు 13.6 సెంటీమీటర్లు. ఏ4 కాగితం వెడల్పు 21. పేజీ మొత్తం కనబడాలంటే 12 పాయింట్ల అక్షరం 8 పాయింట్లకు కుంచించుకుపోతుంది. ‘రాష్ట్రం’లో షకారం కింది టవత్తు, ఆ పక్కన రావత్తు కళ్లు చికిలించుకుంటేగానీ విడిగా కనబడవు. అక్కడి హిందీ పుస్తకాల్లో సంయుక్తాక్షరాలదీ అదే ఇబ్బంది.

మరి పెద్దదే తీసుకుంటే? బరువు సాధారణంగా కిలోన్నర దాటుతుంది, పైన చార్జర్. ట్యాబ్ అరకిలో. అంతకన్నా పెద్ద చిక్కు కరెంటు. 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకులో ఉండేది 37 వాట్-అవర్లు. నష్టాలు పోగా పాతిక దక్కుతాయి. ట్యాబ్ దాదాపు నిండుతుంది, లాప్‌టాప్ సగమే. అదీ టైప్-సి ద్వారా చార్జింగ్ ఎక్కేదైతేనే. గుండ్రటి పిన్ను ఉన్న మోడల్‌కు మామూలు పవర్‌బ్యాంకు పనికిరాదు.

నా సలహా: రోజూ మార్కుల పట్టికలు, దరఖాస్తులు టైపు చేసేవారికి 14 అంగుళాల లాప్‌టాప్. చదవడం, చూపించడమే పనైతే 11 అంగుళాల ట్యాబ్. 15.6 బల్ల మీదే ఉండిపోయే పనికి. తరగతి మొత్తానికి చూపించాలంటే అదీ చిన్నదే, చివరి వరసకు ఆనదు. బడిలో టీవీ ఉంటే కేబుల్‌తో కలపడం మేలు. చవక ట్యాబులు చాలావరకు కేబుల్ ద్వారా బొమ్మను బయటికి పంపవు, అది ముందే అడగండి.

దుకాణంలోనే మీ పాఠ్యపుస్తకం పీడీఎఫ్ తెరిచి, జూమ్ చేయకుండా ఒక పేజీ చదవండి. తర్వాత అడిగి, గుమ్మం బయట ఎండలోకి తీసుకొచ్చి అదే పేజీ మళ్లీ చదవండి.