ఫూల్: ఈజిప్టు ఉదయాలకు ఉడికే గింజలు

ఈజిప్టులో ఉదయం పూట ఉన్నవాళ్లూ లేనివాళ్లూ తినే వంటకం ఫూల్ ముదమ్మస్. ఎండు ఫావా గింజలను గంటల తరబడి సన్నసెగ మీద మెత్తగా ఉడికించి, వడ్డించేటప్పుడు నూనె, జీలకర్ర పొడి, వెల్లుల్లి, నిమ్మరసం కలుపుతారు. అంతకు మించి దినుసులు తప్పనిసరి కాదు. కైరో వీధుల్లో తెల్లవారుజామునే ఫూల్ బళ్లు వెలుస్తాయి. ఆఫీసుకు పోయేవాళ్లు బండి పక్కనే నిలబడి రొట్టెతో తిని వెళ్తారు. రంజాన్‌లో తెల్లవారకముందు తినే సహరీకి ఇదే ముఖ్యమైన తిండి, తిన్నది చాలాసేపు కడుపులో నిలుస్తుంది కనుక. ఏడాదిలో 200 రోజులకు పైగా ఉపవాస నియమాలు పాటించే కాప్టిక్ క్రైస్తవులు ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. వాళ్లకూ ఫూలే ఆధారం.

ఈ గింజ తెలుగువారి చిక్కుడు జాతిది కాదు. ఉత్తరాదిన బాక్లా పేరుతో అమ్మేది ఇదే. దుకాణంలో ‘చిక్కుడు గింజలు’ అని అడిగితే వేరేవి చేతికొస్తాయి. ఈజిప్టువాళ్లు వీటిని పరిమాణాన్ని బట్టి ఎంచుతారు. పెద్దగా, చదునుగా ఉండేవి రూమీ, మధ్యరకం బలదీ, చిన్నగా, గుండ్రంగా ఉండేవి హమామ్. ఫూల్‌కు చిన్నవే మేలు. తొక్క పలచన, లోపలంతా సమానంగా ఉడుకుతాయి. పొట్టు తీసి బద్దలు చేసిన గింజలు ఈ వంటకు పనికిరావు, జావ అయిపోతాయి. వాటిని నానబెట్టి, ఆకుకూరలతో కలిపి పచ్చిగానే రుబ్బి, తామెయ్య అనే వడలు వేస్తారు. కొన్న గింజలు పాతవైతే ఎంత ఉడికించినా మెత్తబడవు. ముడతలు పడి, బాగా ముదురు గోధుమరంగుకు తిరిగినవి వదిలేయడం మంచిది.

ఫూల్ వండే పాత్రను కిద్రా అంటారు. కింద లావుపాటి పొట్ట, పైన సన్నని మెడ. లేచిన ఆవిరి మెడ దగ్గర చల్లబడి తిరిగి లోపలికే కారుతుంది కాబట్టి రాత్రంతా పొయ్యి మీద ఉన్నా నీళ్లు అంతగా ఇంకవు. పూర్వం కైరోలో స్నానశాలల నీళ్లు కాచే పొయ్యిల్లో మిగిలిన నిప్పుల మధ్య ఈ పాత్రలను పాతిపెట్టి, తెల్లవారాక తీసి అమ్మేవారని చెబుతారు. ఇప్పుడు చాలా ఇళ్లలో కరెంటుతో పనిచేసే చిన్న కిద్రాలున్నాయి. అవి లేనిచోట బరువైన మూత, మందపాటి అడుగు ఉన్న గిన్నె చాలు.

నలుగురైదుగురికి అరకిలో గింజలు సరిపోతాయి. రాళ్లు, పుచ్చులు ఏరి, కడిగి, ముందురోజు సాయంత్రం నిండా నీళ్లు పోసి నానబెట్టాలి. 10–12 గంటల్లో గింజ రెట్టింపవుతుంది. నానిన నీళ్లు పారబోసి, గిన్నెలో గింజలు వేసి, వాటి మీద నాలుగు వేళ్ల ఎత్తు వరకు మంచినీళ్లు పోయాలి. రెండు చెంచాల మైసూరుపప్పు కలిపితే అది కరిగిపోయి పులుసుకు చిక్కదనం ఇస్తుంది. మొదటి పొంగులో వచ్చే నురగ తీసేసి, మూత పెట్టి, సెగ పూర్తిగా తగ్గించాలి. గిన్నెలో అప్పుడొకటి ఇప్పుడొకటి బుడగ లేస్తే చాలు. అలా ఆరు నుంచి ఎనిమిది గంటలు. గరిటెతో కలుపుతూ ఉంటే తొక్కలు చిట్లి గింజలు చెదిరిపోతాయి, దాన్ని అలా వదిలేయడమే పని. నీళ్లు తగ్గితే వేడినీళ్లే పోయాలి. నిమ్మ, టమాటా, ఉప్పు మొదట్లో వేయకూడదు. పులుపు తగిలితే గింజ మెత్తబడడం బాగా ఆలస్యమవుతుంది.

అంత తీరిక లేనివాళ్లకు ప్రెషర్ కుక్కర్ ఉంది. పాత్ర సగానికి మించి నింపకుండా, మొదటి విజిల్ వచ్చాక సెగ తగ్గించి 40 నిమిషాలు ఉంచి, ఆవిరి దానంతటదే దిగనివ్వాలి. ఒక గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే తొక్కతో సహా నలగాలి. లోపల మెత్తబడి తొక్క రబ్బరులా మిగిలితే మళ్లీ పావుగంట. వంటసోడా చిటికెడు వేసి త్వరగా ముగించేవాళ్లూ ఉన్నారు. గింజ మెత్తబడే మాట నిజమే కానీ సబ్బు రుచి తగులుతుంది. ఒక గంట ఎక్కువ ఉడికించుకోవడమే నయం.

అసలు వంట ఇక్కడితో అయిపోయింది, రుచి మాత్రం పళ్లెంలో చేరుతుంది. కావలసినంత గింజలను కొంచెం పులుసుతో చిన్న మూకుడులోకి తీసి వేడిచేస్తూ, గరిటె వెనకతో సగం వరకే మెదపాలి. పూర్తిగా మెదిపితే ముద్దవుతుంది, అసలు మెదపకపోతే రొట్టెకు పట్టదు. రెండు వెల్లుల్లి రెబ్బలు ఉప్పుతో నూరి వేసి, అరచెంచా దోరగా వేయించిన జీలకర్ర పొడి చల్లి, పొయ్యి మీద నుంచి దించాక నిమ్మకాయ పిండాలి. పైన నూనె ధారగా పోయాలి. ఈజిప్టులో పాతకాలపు రుచి కోరేవాళ్లు అవిసెనూనె వాడతారు. అది కాస్త చేదుగా, ఘాటుగా ఉంటుంది. కాగితే పాడవుతుంది కాబట్టి పచ్చిగానే పోయాలి. తినడానికి తయారుచేసినదే కొనాలి, రంగుల దుకాణంలో దొరికే అవిసెనూనె విషతుల్యం. ఆలివ్ నూనెతోనూ బాగుంటుంది. కొందరు నువ్వుల ముద్ద కలుపుతారు. అలెగ్జాండ్రియా పద్ధతిలో సన్నగా తరిగిన టమాటా, ఉల్లి, పచ్చిమిర్చి వేస్తారు. పక్కన ఉడికించిన గుడ్డు, పచ్చి ఉల్లికాడలు, ఊరగాయ, తవుడు తీయని గోధుమపిండితో చేసిన పొంగు రొట్టె ఉంటే పూర్తి భోజనమే. ఎండు ఫావా 100 గ్రాముల్లో సుమారు 26 గ్రాముల ప్రోటీన్, 25 గ్రాముల పీచు ఉంటాయి. గోధుమల్లో కొరవడే లైసిన్ ఈ గింజల్లో ఉంటుంది, అందుకే రొట్టెతో జోడీ కుదిరింది.

ఒక హెచ్చరిక తప్పదు. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్నవారికి ఫావా గింజలు ప్రమాదం. గింజల్లోని వైసీన్, కన్వైసీన్ అనే పదార్థాల వల్ల ఎర్ర రక్తకణాలు చిట్లిపోతాయి. తిన్న ఒకటి రెండు రోజుల్లో మూత్రం ముదురురంగుకు మారడం, కళ్లు పచ్చబడడం, నీరసం కనిపిస్తాయి. నానబెట్టి ఉడికించినా ఆ పదార్థాలు పూర్తిగా పోవు. ఈ లోపాన్ని తెచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండడంతో మగవారిలో ఎక్కువ. భారతీయుల్లోనూ ఉంది. కుటుంబంలో ఎవరికైనా ఉందని తెలిస్తే పరీక్ష చేయించుకున్నాకే ఫూల్ తినాలి. పసిపిల్లలున్న ఇంట్లో ఈ జాగ్రత్త మరీ అవసరం.

మిగిలినది నిమ్మరసం, నూనె కలపకుండా ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు నిలుస్తుంది. చల్లారితే గట్టిపడుతుంది, కొంచెం వేడినీళ్లు కలిపి వెచ్చబెట్టాలి. గల్ఫ్ దేశాల్లో పనిచేసే తెలుగువారికి సూపర్‌మార్కెట్‌లో ఫూల్ డబ్బాలు సులువుగా దొరుకుతాయి. డబ్బాలోదాన్ని పులుసుతో సహా మూకుడులో వేసి, పైన చెప్పినట్టే వెల్లుల్లి, జీలకర్ర, నిమ్మ చేరిస్తే పది నిమిషాల్లో పలహారం సిద్ధం. డబ్బాలో ఉప్పు ముందే ఉంటుంది, రుచి చూసి వేసుకోవాలి.