పేరున్న ప్రధాన సంఖ్య, పేరులేని కాపలా

13,62,79,841 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి చివర ఒకటి తీసేస్తే 4,10,24,320 అంకెల సంఖ్య వస్తుంది. అది ప్రధాన సంఖ్యేనని 2024 అక్టోబరులో తేలింది. అప్పటిదాకా తెలిసినవాటిలో అంత పెద్దది లేదు. దాన్ని చివరికి నిర్ధారించిన పద్ధతికి చాలా వయసుంది. 1876లో గణితజ్ఞుడు ఎడ్వార్ లూకా చేతిలెక్కతోనే 39 అంకెల ప్రధాన సంఖ్యను నిరూపించాడు. ఆ దారిని 1930లో లెహ్మర్ చక్కదిద్దాడు. నాలుగుతో మొదలుపెట్టి, వర్గం చేసి, రెండు తీసేసి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఇలా మొదట గుణించిన రెండ్ల లెక్క కన్నా రెండు తక్కువసార్లు చేశాక సున్నా మిగిలితే అది ప్రధానమే. 1952లో రాబిన్సన్ రాసిన ప్రోగ్రాంతో స్వాక్ అనే కంప్యూటరు ఒకే ఏడాదిలో ఇలాంటి అయిదింటిని కనిపెట్టింది. 2024లో ల్యూక్ డ్యూరాంట్ 17 దేశాల్లోని గ్రాఫిక్స్ చిప్‌లను ఈ వేటలో పెట్టి పై సంఖ్యను పట్టాడు.

ఇంత ఘనమైన సంఖ్య మన డబ్బుకు మాత్రం కాపలా కాయలేదు. దాని ప్రసిద్ధే దానికి అడ్డు. హైదరాబాదు మాసబ్‌ట్యాంకులో 1996లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ, బ్యాంకులకు డిజిటల్ ధ్రువపత్రాలు ఇస్తుంది. ఇలాంటి పత్రాల్లో విరివిగా వాడే ఆర్‌ఎస్‌ఏ తాళంలో, దాదాపు 309 అంకెల ప్రధాన సంఖ్యలు రెంటిని గుణించి, లబ్ధాన్ని మాత్రమే బయటపెడతారు. లబ్ధం నుంచి ఆ రెంటినీ విడదీయడం ఎవరికీ సాధ్యం కాకూడదు. లోకమంతా ఎరిగిన సంఖ్య వాడితే ఒక్క భాగహారంతో తాళం ఊడుతుంది. కాబట్టి అక్కడ కావలసింది ఊరూపేరూ లేని సంఖ్య. అలాంటిది దొరకడం కష్టమా అంటే, కాదు. ఆ పరిమాణంలో సుమారు 710 సంఖ్యలకు ఒకటి ప్రధానమే. సరి సంఖ్యలు వదిలేస్తే 355కి ఒకటి. అందరికీ చాలుతాయా అని సందేహం రావచ్చు. హైదరాబాదు శివారు కొల్లూరులో 2023లో ప్రారంభమైన డబుల్ బెడ్‌రూమ్ కాలనీలో 15,660 ఇళ్లున్నాయి. ఇంటికో తాళమే కాదు, భూమ్మీద మనిషికి కోటి తాళాలు చేసినా తరగవు. అంత పొడవున్న ప్రధాన సంఖ్యలు ఒకటి పక్కన 305 సున్నాలు పెట్టినదాని కన్నా ఎక్కువే ఉన్నాయి.

అలాగైతే ప్రధాన సంఖ్యల వేట, లెక్కలు వృథా కదా అనేవారికి 1994 జవాబు చెబుతుంది. జంట ప్రధాన సంఖ్యల లెక్క చేస్తున్న థామస్ నైస్లీ, పెంటియం చిప్ భాగహారంలో తప్పు చేస్తోందని పట్టుకున్నాడు. ఇక ఆర్‌ఎస్‌ఏ తాళాల మీదే అభ్యంతరం ఒకటుంది. అదే ఏడాది పీటర్ షోర్ ఇచ్చిన పద్ధతి, సమర్థమైన క్వాంటం కంప్యూటరు వస్తే ఆర్‌ఎస్‌ఏ నిలవదని చూపింది. ఈ అభ్యంతరం బలమైనదే. అందుకే 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని విడదీయడంపై ఆధారపడని కొత్త తాళాలను ఖరారు చేసింది. అయితే ఇప్పటికే బయటపడిన లోపం మరొకటుంది. నెట్‌లోని వేలాది తాళాలు వేరే తాళాలతో ప్రధాన సంఖ్యను పంచుకుంటున్నాయని 2012లో పరిశోధకులు చూపారు. వాటిలో ఎక్కువ రౌటర్లు, ఫైర్‌వాల్‌ల వంటి పరికరాలవి. స్విచ్ వేసిన వెంటనే, యాదృచ్ఛికత కూడకముందే అవి సంఖ్యను ఎంచుకున్నాయి. పటాన్‌చెరు వంటి పారిశ్రామికవాడల్లో నెట్‌కు తగిలించే కెమెరాలు, మీటర్లు తయారుచేసేవారూ బిగించేవారూ ముందు ఈ ఒక్క సంగతి పరీక్షించాలి.