ప్లైవుడ్ – ఎన్నిక, సంరక్షణ

వానాకాలములో తలుపులు బిగుసుకొనుట మనమందరము ఎరిగినదే. కొయ్యలోని కణముల గోడలు గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బును. తేమ పోగానే కుంచించుకొనును. అయితే ఈ మార్పు అన్ని దిక్కుల ఒకే రీతిగా నుండదు. పచ్చికొయ్య పూర్తిగా ఆరినప్పుడు, నార పొడవున మీటరుకు సుమారు 1 లేక 2 మిల్లీమీటర్లు మాత్రమే తగ్గును. నారకు అడ్డముగా, వార్షిక వలయముల వెంబడి కొలిచినచో, అనేక జాతుల కొయ్యలలో ఈ తగ్గుదల మీటరుకు 6 మొదలు 10 సెంటీమీటర్ల వరకు ఉండును. వెడల్పయిన పలకలు వంకరపోవుటకు, పగులుటకు ఇదే ముఖ్యకారణము.

ఈ లోపమును సరిదిద్దు ఉపాయమే ప్లైవుడ్. దుంగను యంత్రముపై త్రిప్పుచు, కాగితపు చుట్టను విప్పినట్లు పొడవైన కత్తితో పలుచని పొరగా తీయుదురు. ఆరిన పొరలకు జిగురు పూసి, ఒక పొర నారకు తరువాతి పొర నార అడ్డముగా నుండునట్లు పేర్చి, వేడిమితోను ఒత్తిడితోను అతికింతురు. ఒక పొర ఉబ్బదలచిన దిక్కున ప్రక్క పొర దానిని పట్టి ఆపును.

పొరల సంఖ్య సాధారణముగా 3, 5, 7 అని బేసిగా నుండుట ఎందుకు? రెండే పొరలున్నచో, వేడికి ద్విలోహపు పట్టీ వంగినట్లు, తేమకు పలక వంగును. బేసి సంఖ్యలో నున్నప్పుడు నడిమి పొరకు ఇరుప్రక్కల అమరిక సమానమగుటచే బలములు సరితూగును.

ఎన్నిక

ప్లైవుడ్‌కు జిగురే ప్రాణము. యూరియా–ఫార్మాల్డిహైడ్ జిగురు చౌక. కాని వేడిమి, తేమ కలిసి తగిలినచో నీరు దాని బంధములను క్రమముగా విడగొట్టును. ఫినాల్–ఫార్మాల్డిహైడ్ జిగురు నీటికి లొంగదు. గదిలోని బీరువాకు, పుస్తకముల అరలకు ఐ.యస్. 303 ప్రమాణములోని ఎమ్.ఆర్. రకము చాలును. వంటగదిలో తొట్టి క్రింది అరకు ఐ.యస్. 710 ప్రమాణపు మెరైన్ ప్లైవుడ్ తగినది. దీని జిగురు 72 గంటలు మరుగు నీటిలో నున్నను విడిపోరాదు.

కొనునప్పుడు ఐ.యస్.ఐ. గుర్తును చూడవలెను. అంచున పొరల నడుమ సందులున్నవేమో పరిశీలింపవలెను. వ్రేలి కణుపుతో తట్టినప్పుడు ఒకచోట డొల్లమ్రోత వచ్చినచో లోపల పొర అతుకలేదని అనుమానింపవచ్చును. అరపలకను కోయించునప్పుడు పైపొర నార అర పొడవున నుండవలెను. లేనిచో పుస్తకముల బరువుకు త్వరగా క్రుంగును.

సంరక్షణ

“నీటికి చెడదు” అను మాట జిగురుకు సంబంధించినది, కొయ్యకు కాదు. పొరల మధ్య జిగురు చెక్కుచెదరకున్నను, కోసిన అంచులలో తెరుచుకొనియున్న నారగొట్టముల ద్వారా నీరు లోనికి ప్రాకును. పలక ఉబ్బును, బూజు పట్టును. కావున ఖరీదైన ప్లైవుడ్ కొని అంచులను పచ్చిగా వదలుట డబ్బు నీళ్లపాలు చేయుటే. కోసిన ప్రతి అంచునకు, మేకు రంధ్రములకు రంగుగాని వార్నిష్‌గాని పూయవలెను. లామినేట్ రేకును ఒకవైపే అతికించినచో తేమ ఆవలివైపుననే చేరి పలక వంగును. రెండవవైపు కూడ పూత అవసరము.

వాడకమునకు ముందు పలకలను గోడకు చేరవేయక, నేలపై బద్దీలు పరచి వాటిపై పడుకోబెట్టవలెను. బీరువాకు, గోడకు నడుమ కొంచెము ఎడమున్నచో చెదల మట్టిదారులు ముందుగానే కంటబడును. క్రొత్త సామానుల నుండి కొంతకాలము ఫార్మాల్డిహైడ్ వాయువు వెలువడును గనుక ఆ గది కిటికీలు తెరచియుంచవలెను.

ఒక ప్రయోగము

వడ్రంగి పారవేసిన ప్లైవుడ్ నుండి సమానమైన రెండు ముక్కలు కోయించుడు. ఒకదాని అంచులకు మాత్రము రంగు పూసి ఆరనిండు. రెండింటిని తూచి, మందము కొలిచి, ఒక రాత్రి నీటిలో ముంచియుంచుడు. మరునాడు తుడిచి మరల తూచి, కొలువుడు. ఏ ముక్క ఎక్కువ నీరు త్రాగినదో, ఏ అంచు ఉబ్బినదో విద్యార్థులు తామే చెప్పగలరు.